వేరొకరి కచేరీలో రాక్ స్టార్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

కచేరీ సగంలో ఉండగా పక్కనుంచి ఇంకో పెద్ద పేరున్న గాయకుడో గిటారిస్టో నడిచొస్తే హాలంతా ఒక్కసారిగా లేచి నిలబడుతుంది. ఆ పది నిమిషాల వెనుక ఏం జరుగుతుంది, ఏవి బాగా కుదిరాయి, ఏవి బెడిసికొట్టాయి అని చాలామంది అడుగుతుంటారు. ఆ ప్రశ్నలకు జవాబులు ఇవి.

అతిథిగా రావడం అంటే సరిగ్గా ఏమిటి?

కచేరీ ఒకరిది. టికెట్లు వాళ్ల పేరు మీదే అమ్ముడయ్యాయి. మధ్యలో ఇంకొకరు వచ్చి ఒకటో రెండో పాటలు కలిసి పాడి లేదా వాయించి వెళ్లిపోతారు. ముందుగా వాయించే ఓపెనింగ్ బ్యాండ్ ఈ లెక్కలోకి రాదు, ఎందుకంటే వాళ్లది వేరే ప్రదర్శన. సహాయ నిధి కోసం నలుగురూ కలిసి చేసే కచేరీలు ఈ రెంటికీ మధ్యలో ఉంటాయి. 1971 ఆగస్టు 1న న్యూయార్క్ మ్యాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జార్జ్ హారిసన్, రవిశంకర్ కలిసి బంగ్లాదేశ్ శరణార్థుల కోసం చేసిన కచేరీ అలాంటిదే. బాబ్ డిలాన్, ఎరిక్ క్లాప్టన్, రింగో స్టార్ అందులో పాల్గొన్నారు.

ఈ అలవాటు రాక్‌లో పుట్టిందేనా?

కాదు. జాజ్, బ్లూస్ క్లబ్బుల్లో ఇది ముందునుంచీ ఉన్నదే. ఊళ్లోకి వచ్చిన వాద్యకారుడు రాత్రి క్లబ్బుకు వెళ్లడం, అక్కడ వాయిస్తున్నవాళ్లు పైకి పిలవడం, తను రెండు పాటలు వాయించడం మామూలు విషయం. కొత్తవాడి సత్తా ఎంతో తేలిపోయేది కూడా అక్కడే.

రాక్‌లో దీనికి గొప్ప ఉదాహరణ జిమీ హెండ్రిక్స్. ఆయన లండన్‌లో దిగింది 1966 సెప్టెంబర్ 24న. అప్పటికి అక్కడ ఆయన పేరు ఎవరికీ తెలియదు. వారం తిరిగేసరికి, అక్టోబర్ 1న, రీజెంట్ స్ట్రీట్‌లోని పాలిటెక్నిక్ హాల్లో క్రీమ్ బ్యాండ్ కచేరీ జరుగుతుంటే, ఆయన మేనేజర్ చాస్ చాండ్లర్ వెళ్లి మావాడు ఒక పాట వాయిస్తాడు, ఒప్పుకుంటారా అని అడిగాడు. ఒప్పుకున్నారు. హెండ్రిక్స్ తన గిటార్‌ను క్రీమ్ బేసిస్ట్ జాక్ బ్రూస్ బేస్ ఆంప్‌కి (యాంప్లిఫయర్‌కి) కలిపి, హౌలిన్ వుల్ఫ్ బ్లూస్ పాట ఒకటి రికార్డులో ఉన్నదానికంటే ఎంతో వేగంగా ఎత్తుకున్నాడు. అప్పటికి లండన్‌లో గిటార్ అంటే క్లాప్టన్. క్రీమ్‌లో వాయిస్తున్న ఆ క్లాప్టన్ చేతులు గిటార్ మీంచి జారిపోయాయని, స్టేజీ దిగి లోపలికి వచ్చేశాడని చాండ్లర్ తర్వాత చెప్పాడు. ఆ రాత్రి అతిథి పేరు విని చప్పట్లు కొట్టినవాడు ఒక్కడూ లేడు. అంతా వాయించిన తీరు చూసే.

ప్రేక్షకులకు సర్‌ప్రైజ్ సరే, స్టేజీ మీదున్నవాళ్లకు కూడా నిజంగా సర్‌ప్రైజేనా?

పెద్ద స్టేడియాల్లో దాదాపు ఎప్పుడూ కాదు. ఏ పాట, ఏ శ్రుతి, ఎన్నోదిగా, అతిథి ఎటువైపు నుంచి వస్తాడు అన్నవన్నీ మధ్యాహ్నం సౌండ్ చెక్‌లోనే తేలిపోతాయి. లైట్లు వేసేవాళ్లకు తెలియాలి, కెమెరాలకు తెలియాలి, స్టేజీ మీదున్నవాళ్లకు తమ సౌండ్ వినిపించేలా చూసే మానిటర్ ఇంజనీర్‌కు తప్పకుండా తెలియాలి. చిన్న క్లబ్బుల్లో మాత్రం ఇప్పటికీ ఎవరినైనా చూసి అప్పటికప్పుడు రమ్మంటారు.

రిహార్సల్ చేశారని తెలిస్తే మజా పోతుందని కొందరంటారు. నాకలా అనిపించదు. వేలమంది డబ్బు పెట్టి వచ్చిన చోట, వాళ్లకు బాగా వినిపించాలని ముందే సిద్ధపడటం మర్యాద.

జాన్ లెనన్ పందెం ఓడిపోయి స్టేజీ ఎక్కాడంటారు, నిజమేనా?

నిజమే. 1974లో లెనన్ తన కొత్త పాట రికార్డు చేస్తుంటే ఎల్టన్ జాన్ పియానో వాయించి, గొంతు కలిపాడు. ఈ పాట నంబర్ వన్ అవుతుందని ఎల్టన్ అన్నాడు. లెనన్ నమ్మలేదు. బీటిల్స్ నలుగురిలో సొంతంగా అమెరికా చార్టుల్లో నంబర్ వన్ పాట లేనిది అప్పటికి ఆయనకొక్కడికే. అయితే నా కచేరీకి వచ్చి పాడాలి అన్నాడు ఎల్టన్. ఎలాగూ అవ్వదన్న ధీమాతో లెనన్ సరేనన్నాడు. నవంబర్‌లో పాట మొదటి స్థానానికి చేరింది.

నవంబర్ 28న, థ్యాంక్స్‌గివింగ్ రాత్రి, మ్యాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో లెనన్ మాట నిలబెట్టుకున్నాడు. అంతకుముందు ఎల్టన్ బ్యాండ్‌తో కలిసి రిహార్సల్ చేశాడు. అయినా స్టేజీ ఎక్కేముందు విపరీతమైన టెన్షన్. చాలాకాలంగా కచేరీలు చేయని మనిషి మరి. మూడు పాటలు పాడారు: పందెం కట్టిన పాట, ఎల్టన్ అప్పుడే తిరిగి పాడి విడుదల చేసిన ఒక బీటిల్స్ పాట, చివరగా బీటిల్స్ తొలి ఆల్బమ్‌లోని మొదటి పాట. మూడోదాన్ని మొదలుపెడుతూ, ఇది పాల్ (మెకార్ట్నీ) పాట అని చెప్పి మరీ పాడాడు. అప్పటికి ఆ ఇద్దరి మధ్యా కోర్టు గొడవ ఇంకా తేలలేదు. అది తెలిసి ఆ రికార్డింగ్ వింటే, పాల్ పేరు పలికినప్పుడు జనం పెట్టిన కేకలు ఇంకోలా వినిపిస్తాయి.

టికెట్ కొని వచ్చిన జనం ముందు, పెద్ద కచేరీలో లెనన్ పాడటం అదే ఆఖరు. ఆ సంగతి ఆ రోజు ఎవరికీ తెలియదు.

అతిథులు వచ్చినప్పుడల్లా అవే పాత పాటలు ఎందుకు?

అందరికీ వచ్చినవి అవే కాబట్టి. లెనన్ ఆ రాత్రి చివర్లో పాడిన 'ఐ సా హర్ స్టాండింగ్ దేర్' ఒక్కదాన్నే తీసుకోండి. 2008 జూన్ 1న లివర్‌పూల్ ఆన్‌ఫీల్డ్‌లో పాల్ మెకార్ట్నీ పాడుతుంటే రాక్ సంగీతకారుడు డేవ్ గ్రోల్ డ్రమ్స్ వాయించింది ఈ పాటకే. అదే ఏడాది జులై 18న, షే స్టేడియంలో జరిగిన ఆఖరి కచేరీలో, బిల్లీ జోయెల్ పక్కన నిలబడి మెకార్ట్నీ పాడిందీ ఇదే. అదే స్టేడియంలో 1965లో బీటిల్స్ పాడారు. 2012లో లండన్ హైడ్ పార్క్‌లో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్‌తో ఇదే, 2022లో గ్లాస్టన్‌బరీలో గ్రోల్‌తో మళ్లీ ఇదే.

ఎందుకు ఇదే అంటే, ఒకటి, రెండు, మూడు, నాలుగు అన్న లెక్కతో పాట మొదలవుతుంది. అందరూ ఒకేసారి అందుకోవచ్చు. గిటార్‌కు ఎంతో అనువైన ఇ శ్రుతి. బ్లూస్ వచ్చినవాళ్లకు తెలిసిన మూడు కార్డ్‌లే (ఒకేసారి మోగే స్వరాల గుంపులే) దాదాపు పాటంతా నడిపిస్తాయి. మధ్యలో ఒక్కచోట మాత్రం సి కార్డ్ వస్తుంది. గొంతు పైకి లేచి ఊళ వేసేది సరిగ్గా అక్కడే. ఆ ఒక్క మలుపు గుర్తుంటే చాలు, ఎవరైనా వాయించేయొచ్చు.

అసలు రిహార్సలే లేకుండా కొందరు ఎలా వాయించగలరు?

పన్నెండు బార్ల బ్లూస్ చట్రం తెలిసినవాళ్లకు శ్రుతి చెబితే చాలు. మిగతాది కళ్లతో నడుస్తుంది. సోలో ఎవరిది, ఎప్పుడు ఆపాలి అన్నది ఒక తల ఊపుతోనో, గిటార్ మెడ కాస్త పైకెత్తడంతోనో చెప్పేసుకుంటారు. 1990 మార్చి 29న, న్యూయార్క్ దగ్గర నాసో కొలీసియంలో, జాజ్ శాక్సఫోన్ విద్వాంసుడు బ్రాన్‌ఫోర్డ్ మార్సాలిస్ గ్రేట్‌ఫుల్ డెడ్ బ్యాండ్‌తో వాయించింది రిహార్సల్ లేకుండానే. బ్యాండ్ వాళ్లు ఒక పాటకని పిలిచి, నచ్చి రెండో సగమంతా ఉండిపొమ్మన్నారు. ఆ రికార్డింగ్‌లో ఆయన ముందు కొంచెం సేపు చిన్న చిన్న ముక్కలే వాయిస్తాడు. పాట ఎటు పోతోందో విని, ఆ తర్వాతే ముందుకొస్తాడు.

దీనికి కఠినమైన బడి రాక్ అండ్ రోల్ గాయకుడు, గిటారిస్టు చక్ బెర్రీది. ఊరూరా అక్కడున్న బ్యాండ్‌నే వెనక పెట్టుకుని పాడటం ఆయన పద్ధతి. 1973లో మేరీల్యాండ్‌లో ఒక కచేరీలో ఆయన వెనక వాయించింది అప్పటికింకా పేరురాని బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ బృందం. ఏ పాటలు వాయిస్తున్నాం సార్ అని అడిగితే, చక్ బెర్రీ పాటలు అన్నాడట. ఇంకేమీ చెప్పలేదు. ఈ సంగతి స్ప్రింగ్‌స్టీన్ స్వయంగా కెమెరా ముందు చెప్పాడు.

తెర వెనుక ఏమేం కావాలి?

ముందుగా శ్రుతి సంగతి. హెండ్రిక్స్ చాలాసార్లు, గన్స్ అండ్ రోజెస్ ఎప్పుడూ, గిటార్ తీగల్ని మామూలుకంటే అర స్వరం దించి వాయిస్తారు. అలాంటి బ్యాండ్‌తో కలిసేటప్పుడు అతిథి తన గిటార్‌ను అలాగే తీసుకొస్తే మొదటి కార్డ్‌కే గొడవ. అందుకే గిటార్ టెక్నీషియన్ ముందే ఒకటి దించి పక్కన సిద్ధంగా పెడతాడు.

తర్వాత మైకు, ఆంప్. మిక్సర్ మీద ఒకటి రెండు చానెళ్లు ఖాళీగా ఉంచి, కచేరీకి ముందే వాటి స్థాయి సరిచూస్తారు. అన్నింటికంటే కష్టం చెవి మానిటర్ల దగ్గర వస్తుంది. ఇవాళ చాలామంది చెవిలో పెట్టుకునే బుల్లి స్పీకర్ల ద్వారానే తమ బ్యాండ్‌ను వింటారు. వాళ్లకు అలవాటైన మిక్స్ ఆ చెవిలో ఉంటుంది. అతిథికి అదేమీ ఉండదు. కొత్త స్టేజీ, కొత్త మిక్స్, ముందు యాభైవేల మంది. తన గొంతు తనకు వినిపించక శ్రుతి తప్పినవాళ్లు ఎందరో. వీడియో చూసి పాడటం రాదని తిట్టేముందు ఇది గుర్తుంచుకోండి.

ఏదైనా తేడా జరిగితే?

ఇక్కడే తెలుస్తుంది ఎవరు ఎవరిని వింటున్నారో. 1976 నవంబర్ 25న శాన్‌ఫ్రాన్సిస్కో వింటర్‌ల్యాండ్‌లో 'ది బ్యాండ్' అనే బృందం తమ వీడ్కోలు కచేరీ చేసింది. డిలాన్, జోనీ మిచెల్, నీల్ యంగ్, వాన్ మారిసన్, మడ్డీ వాటర్స్, ఇలా వరసగా అతిథులు. క్లాప్టన్ వంతు వచ్చింది. సోలో మొదలుపెట్టి, ఇంకా ఊపందుకుంటుండగా గిటార్ స్ట్రాప్ (భుజానికి తగిలించే పట్టీ) ఊడిపోయింది. గిటార్ జారింది. ఆయన పట్టుకునేలోపే పక్కనున్న ది బ్యాండ్ గిటారిస్టు రాబీ రాబర్ట్‌సన్ సోలో అందుకున్నాడు. తాళం ఎక్కడా తెగలేదు. క్లాప్టన్ స్ట్రాప్ తగిలించుకుని మళ్లీ వచ్చి కలిశాడు. మార్టిన్ స్కోర్సేసీ తీసిన సినిమాలో ఇదంతా కనిపిస్తుంది. రాబర్ట్‌సన్ తన వంతు వచ్చేదాకా ఊరికే నిలబడి ఉంటే అది జరిగేది కాదు. క్లాప్టన్ వాయించే ప్రతి స్వరాన్నీ వింటున్నాడు కాబట్టే అందుకోగలిగాడు. అతిథి రాక ఎలా ఉండాలని ఎవరైనా అడిగితే నేను చూపించేది ఆ కొద్ది క్షణాలనే.

బెడిసికొట్టినవి ఉన్నాయా?

ఉన్నాయి. 1985 జులై 13 లైవ్ ఎయిడ్ సహాయ కచేరీల రోజున డ్రమ్మర్, గాయకుడు ఫిల్ కాలిన్స్ లండన్ వెంబ్లీలో వాయించి, కాంకర్డ్ విమానంలో అట్లాంటిక్ దాటి ఫిలడెల్ఫియాలో మళ్లీ స్టేజీ ఎక్కాడు. అక్కడ లెడ్ జెప్పెలిన్ వాళ్లకు డ్రమ్స్ వాయించినవాళ్లలో ఆయన ఒకడు. రెండో డ్రమ్మర్ టోనీ థాంప్సన్. కాలిన్స్‌కు ఆ బ్యాండ్‌తో సరైన రిహార్సల్ దొరకలేదు. దానికి తోడు లెడ్ జెప్పెలిన్ గాయకుడు రాబర్ట్ ప్లాంట్ గొంతు బొంగురుపోయింది, గిటారిస్టు జిమీ పేజ్ గిటార్ శ్రుతి తప్పింది. తర్వాత పేజ్ తప్పు కాలిన్స్ మీద వేశాడు. మధ్యలోనే లేచి వెళ్లిపోదామనుకున్నానని కాలిన్స్ అన్నాడు. 2004లో లైవ్ ఎయిడ్ డీవీడీ వచ్చినప్పుడు తమ భాగం వేయడానికి లెడ్ జెప్పెలిన్ ఒప్పుకోలేదు. కాలిన్స్ ఒక్కణ్ని నిందించడం అన్యాయమని నా అభిప్రాయం. కలిసి వినడానికి అసలు సమయమే లేని ఏర్పాటు అది.

1972లో చక్ బెర్రీ కచేరీలో రోలింగ్ స్టోన్స్ గిటారిస్టు కీత్ రిచర్డ్స్ పైకెక్కి వాయిస్తే, సౌండ్ మరీ ఎక్కువైందని బెర్రీ దింపేశాడు. అతను కీత్ అని గుర్తుపట్టలేదని తర్వాత చెప్పాడు. 1992 జూన్‌లో పారిస్‌లో గన్స్ అండ్ రోజెస్‌తో వాయించాల్సిన గిటారిస్టు జెఫ్ బెక్, రిహార్సల్‌లోనే డ్రమ్స్ మోతకు చెవి దెబ్బతిని కచేరీకి రాలేకపోయాడు.

2012 జులై 14 హైడ్ పార్క్ సంగతి వేరు. అక్కడ వాయించడం బ్రహ్మాండంగా కుదిరింది. స్ప్రింగ్‌స్టీన్, మెకార్ట్నీ కలిసి రెండు పాటలు పాడారు. అప్పటికే అనుమతించిన సమయం దాటిపోవడంతో మైకులకు సౌండ్ కట్ చేశారు. ఇద్దరూ జనానికి ధన్యవాదాలు చెబుతుంటే ఎవరికీ వినిపించలేదు. మూడు రోజుల తర్వాత డబ్లిన్‌లో స్ప్రింగ్‌స్టీన్ ఒక పెద్ద స్విచ్ వేసి, లండన్‌లో ఆగిన పాట చివరి ముక్కతోనే కచేరీ మొదలుపెట్టాడు.

అతిథికి డబ్బు ఇస్తారా?

చాలావరకు స్నేహం మీదే నడుస్తుంది. రానుపోను ఖర్చులు పిలిచినవాళ్లు భరించడం మామూలే. పాట రాసినవాళ్లకు చేరాల్సింది మాత్రం వేరే దారిలో చేరుతుంది. హాలువాళ్లో నిర్వాహకులో అమెరికాలో ఏస్‌క్యాప్, బీఎంఐ, బ్రిటన్‌లో పీఆర్‌ఎస్ వంటి పాటల హక్కుల సంస్థలకు లైసెన్స్ రుసుము కడతారు.

మరి ఆ రికార్డింగ్ ఎవరిది?

తగాదాలు వచ్చేది ఇక్కడే. స్టేజీ మీద పాడటానికి నోటిమాట సరిపోతుంది, ఆల్బమ్‌గా అమ్మాలంటే అతిథి అనుమతి కావాలి, ఆయన రికార్డు కంపెనీదీ కావాలి. ఫలానా కంపెనీ సౌజన్యంతో అని ఆల్బమ్ అట్ట మీద చిన్న అక్షరాల్లో కనిపించే వాక్యం అందుకే.

1971 జూన్ 6న న్యూయార్క్ ఫిల్మోర్ ఈస్ట్‌లో ఫ్రాంక్ జప్పా కచేరీ చివర్లో లెనన్, యోకో ఓనో వచ్చి కలిశారు. టేపులు ఇద్దరి దగ్గరా ఉన్నాయి. మరుసటి ఏడాది లెనన్ తన ఆల్బమ్‌లో వాటిని వేశాడు. జప్పా ఎన్నో ఏళ్లుగా వాయిస్తున్న స్వరరచన ఒకటి అందులో వేరే పేరుతో, లెనన్, ఓనోల రచనగా అచ్చయింది. జప్పా దీన్ని మరిచిపోలేదు. 1992లో తన మిక్స్‌తో తన ఆల్బమ్‌లో విడుదల చేశాడు. లెనన్ అంటే నాకెంత అభిమానమున్నా ఈ విషయంలో న్యాయం జప్పా వైపే ఉంది.

విడిపోయినవాళ్లు ఇలా మళ్లీ కలుస్తారా?

అప్పుడప్పుడు. 2010లో ఒక సహాయ కార్యక్రమంలో తనతో కలిసి పాడితే, స్టేజీ మీద పెద్ద గోడ కట్టి చేసే నీ 'ది వాల్' కచేరీల్లో ఒకదానికి వచ్చి వాయిస్తానని పింక్ ఫ్లాయిడ్ గిటారిస్టు డేవిడ్ గిల్మోర్ ఆ బ్యాండ్ వదిలి వెళ్లిన రోజర్ వాటర్స్‌కు మాటిచ్చాడు. 2011 మే 12న లండన్ ఓ2 అరీనాలో వచ్చాడు. వాటర్స్ కింద, గోడ ముందు నిలబడి పాడుతుంటే, గిల్మోర్ గోడ పైన వెలుగులో ప్రత్యక్షమై గొంతెత్తాడు, సోలో వాయించాడు. చివర్లో పింక్ ఫ్లాయిడ్ డ్రమ్మర్ నిక్ మేసన్ కూడా వచ్చి చేరాడు.

అన్నీ ఇంత తీయగా ఉండవు. 2012లో రోలింగ్ స్టోన్స్ యాభై ఏళ్ల కచేరీకి పాత బేసిస్ట్ బిల్ వైమన్‌ను పిలిచి రెండు పాటలకే పరిమితం చేశారు. ఆయన నొచ్చుకున్నాడు, ఆ మాట బయటకే అన్నాడు.

డ్రమ్మర్ పడిపోతే ప్రేక్షకుల్లోంచి ఒకణ్ని పిలిచారంటారు?

అవును, 1973 నవంబర్ 20న, కాలిఫోర్నియా కౌ ప్యాలెస్‌లో. 'ది హూ' బ్యాండ్ డ్రమ్మర్ కీత్ మూన్ స్పృహ తప్పాడు. ఎవరైనా డ్రమ్స్ వాయించేవాళ్లున్నారా అని పీట్ టౌన్‌షెండ్ జనాన్ని అడిగాడు. 19 ఏళ్ల కుర్రాడొకడు ఎక్కి మిగిలిన పాటలు వాయించాడు.

ఎవరైనా వస్తారని ముందే పసిగట్టవచ్చా?

కచ్చితంగా కాదు, కానీ గుర్తులుంటాయి. ఇంకో బ్యాండ్ టూర్ తేదీలు అదే నగరంలో ముందు రోజో తర్వాతి రోజో ఉన్నాయా చూడండి. టూర్ ఆఖరి రాత్రి, సొంత ఊరి కచేరీ, పుట్టినరోజు అయితే అవకాశం ఎక్కువ. రింగో స్టార్ 70వ పుట్టినరోజున, 2010 జులై 7న, రేడియో సిటీ మ్యూజిక్ హాల్లో మెకార్ట్నీ వచ్చింది అలాగే. పాటల మధ్య చీకట్లో అదనంగా ఒక మైకు స్టాండ్ తెచ్చి పెడుతున్నారంటే ఫోన్ జేబులో పెట్టి కళ్లు తెరిచి చూడండి.

మొదటిసారి చూడాలనుకునేవాళ్లకు ఏది చెబుతారు?

1981 నవంబర్ 22, షికాగో చెకర్‌బోర్డ్ లాంజ్. పెద్ద స్టేడియం కాదు, బల్లలు ఇరుకిరుకుగా వేసిన చిన్న బ్లూస్ క్లబ్బు. బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ పాడుతున్నాడు. అమెరికా టూర్‌లో ఉన్న రోలింగ్ స్టోన్స్ వచ్చి స్టేజీ ముందు బల్ల దగ్గర కూర్చున్నారు. వాళ్ల బ్యాండ్ పేరే మడ్డీ పాటలోంచి తీసుకున్నది. మడ్డీ పేరు పెట్టి పిలవగానే స్టోన్స్ గాయకుడు మిక్ జాగర్ వెళ్లాడు. తర్వాత కీత్ రిచర్డ్స్ దారి లేక బల్ల మీంచే నడిచి స్టేజీ ఎక్కాడు. రాన్ వుడ్, బడ్డీ గై, జూనియర్ వెల్స్ కూడా చేరారు.

ప్రపంచంలో అతి పెద్ద బ్యాండ్ అప్పటికి వాళ్లదే. ఆ రాత్రి మాత్రం నడిపించినవాడు మడ్డీయే. ఎవరు పాడాలో, ఎవరు ఆగాలో ఆయనే చెప్పాడు, వాళ్లు విన్నారు. కీత్ చాలాసేపు వెనకే ఉండి తాళం పట్టుకుని వాయిస్తాడు, ముఖమంతా నవ్వు. మడ్డీ 1983 ఏప్రిల్‌లో కన్నుమూశాడు. ఈ కచేరీ వీడియో 2012లో అధికారికంగా విడుదలైంది. మొదటిసారి చూసేటప్పుడు జాగర్‌ను చూస్తారు, అది సహజం. రెండోసారి మడ్డీ చేతిని చూడండి. పాట అంతా ఆ చేతి సైగల మీదే నడుస్తుంది.